614వ కణ విభజన

మార్చి 8, శుక్రవారం

ఆరోపణ ఇది: ఆరవ అంతస్తులోని 614వ కణంలో నివసించే అపొలెనా హ్రుబెషోవా అనే నేను, నిన్న సాయంత్రం నిండు సభలో లేచి నిలబడి, నా కణాన్ని రెండు ముక్కలు చేయమని నా నోటితోనే కోరాను. ఆరోపించినవారు ముగ్గురు. ముగ్గురూ నాతో ఒకే పొయ్యి మీద వండుకునేవారు. తీర్పు కూడా వారే ఇచ్చేశారు. ప్రతివాది మాట వినకుండా తీర్పు చెప్పడం ఏ న్యాయశాస్త్రంలోనూ లేదని, న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్న నేను, తలుపు బయట నిలబడి చెప్పాను. తలుపు బదులు చెప్పలేదు. కనుక నా సమాధానం ఇక్కడ, ఎవరూ చదవని ఈ పుటల్లో నమోదు చేస్తున్నాను.

వాదనకు మొదటి మెట్టు పదాల నిర్వచనం. తప్పంతా మా చెక్ భాషది. 'బుంకా' అంటే కణం. ఉల్లిపాయలోనూ ఏనుగులోనూ నాలోనూ ఉన్నది. వసతి గృహంలో రెండు గదులు, మధ్య ఒక వంటమూల, ఒక స్నానాలగది, నలుగురు మనుషులు, బయటికి ఒకే తలుపు. ఈ మొత్తాన్ని కూడా బుంకా అనే అంటాం. ఇవి చాలవన్నట్టు, ఒక పనిలో పుట్టుకతోనే నేర్పు ఉన్నవాణ్ణి చూసి 'దానికి వాడిలో బుంకాలున్నాయి' అంటాం. మూడు సంగతులకు ఒకే మాట పెట్టుకున్న జాతి, ఆ మాట చేతిలో మోసపోయిన ఒక యువతిని నిందించడం ఎంతవరకు న్యాయం? ఈ డైరీలో మూడింటినీ కణమనే రాస్తాను.

రెండో మెట్టు, జరిగినది జరిగినట్టు.

పోయిన వారం మా వాదసంఘం బీరు బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు నేనొక అంశం ప్రతిపాదించాను: 'కణమే తొలి రాజ్యం, కేంద్రకమే దాని రాజు.' సంఘ నాయకుడు క్విదో గ్లాసు మీది నురుగు ఊదుతూ, "జీవశాస్త్రం జోలికి పోకు తల్లీ. దానికి నీలో కణాలు లేవు" అన్నాడు. బల్లంతా నవ్వింది. మనిషిలో సుమారు ముప్పై లక్షల కోట్ల కణాలుంటాయన్న సంఖ్య నాకు మర్నాడు గ్రంథాలయంలో దొరికింది. మంచి సమాధానాలు ఎప్పుడూ మర్నాడే దొరుకుతాయి.

అప్పటినుంచి కణం తప్ప మరొకటి చదవలేదు. అటువంటి స్థితిలో, నిన్న ద్వారం దగ్గరి పలక మీద ఈ ప్రకటన చూశాను: 'కణాల విభజన. చర్చ. ఈ సాయంత్రం, కింది హాలు. అందరూ రావాలి.' జీవశాస్త్ర విద్యార్థుల సభ అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

నేను వెళ్లేసరికి సభ సగమైంది. వేదిక మీద నెరిసిన మీసాలాయన తెరపై ఒక దీర్ఘచతురస్రం చూపిస్తున్నాడు. దాని నడుమ ఎర్రగీత. మొక్క కణం దీర్ఘచతురస్రంగా ఉంటుందని నేను చదివే ఉన్నాను. ఆయన, "విభజన మీద ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగాడు. ఎవరూ లేవలేదు. మౌనాన్ని నేను భరించలేను.

"విభజన అంటే భయమెందుకు?" అని మొదలుపెట్టాను. "విభజనే జీవం! విభజన లేకపోతే గాయం మానదు, గింజ మొలవదు, బిడ్డ ఎదగదు. విడిపోవడం మరచిన కణం ముసలిదైపోయిన కణం. ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ ఒకే ఒక్క కణం విడిపోగా విడిపోగా తయారైనవారే!"

వెనక వరుసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. మీసాలాయన ముఖం వెలిగిపోయింది.

"బాగా చెప్పారు. మీరు ఏ కణం తరఫున మాట్లాడుతున్నారు?"

"అన్ని కణాల తరఫునా!"

"గది నంబరు అడుగుతున్నానమ్మా."

"...ఆరొందల పద్నాలుగు."

ఆయన రాసుకున్నాడు. అప్పుడు మూడో వరుసలో ముగ్గురు వెనక్కి తిరిగారు. నా గదిలోనే ఉండే హెడ్వికా, మా పక్కగది వ్లాస్తా, మిలాదా. వ్లాస్తా నోరు ఎంత తెరుచుకుందంటే, ఆమె వాయించే ట్రాంబోను బాకా అందులో పట్టేది.

ఆయన జీవశాస్త్ర ఆచార్యుడు కాడు. మా వసతి గృహానికి కొత్తగా వచ్చిన మేనేజరు, పాన్ (శ్రీ) స్కొపాల్. తెరమీదిది మొక్క కాదు, మా ఇల్లు. వేసవిలో ప్రతి కణం నడుమా ఒక గోడ లేపుతారట. ఒక కణం రెండవుతుంది. అందరినీ కొత్తగా సర్ది తలోచోటా వేస్తారు. ఎవరి ఏకాంతం వారికి. ఈ నెల ఇరవై ఒకటిన నివాసుల ఓటు. ఇంతవరకు ఏ కణమూ ఔనని గాని కాదని గాని చెప్పలేదు. చెప్పినది ఒక్కటే. 614, అనుకూలం.

ఈ ఉదయం తలుపు తీసి చూస్తే నా గళ్ల చెప్పులు గడప బయట ఉన్నాయి. బూట్ల పక్కన. ఇంట్లో తొడుక్కునే చెప్పులు. నేను పుట్టినప్పటినుంచి మా మొరావియా ప్రాంతంలో ఏ ఇంట్లోనూ, ఎంత గొడవ జరిగినా, ఎవరి ఇంటిచెప్పులూ గడప దాటడం చూడలేదు.

మహిళా దినమని ద్వారపాలకురాలు ప్రతి అమ్మాయికీ ఒక కార్నేషన్ పువ్వు ఇచ్చింది. నాకు ఇస్తూ, "విభజనే జీవం అన్నది నువ్వేనా బంగారూ?" అంది. పువ్వు తీసుకున్నాను. గోడ వచ్చినా రాకపోయినా నాకు ఒకటే. ఏకాంతం చదువుకు మంచిది.

మార్చి 9, శనివారం

చెప్పులు బయటే ఉన్నాయి.

మార్చి 10, ఆదివారం

బయటికి వెళ్లిన చెప్పులు మళ్లీ లోపలికి రాకూడదు. అది పరిశుభ్రత సూత్రం. కనుక నేను సాక్సులతో తిరుగుతున్నాను. దీనిని వారు నా లొంగుబాటుగా భావిస్తే పొరపాటు. ఇది నిరసన. వంటమూలలో గచ్చు చాలా చల్లగా ఉంటుంది. నిరసనలు వెచ్చగా ఉండవు.

వారు నాతో మాట్లాడరు. నా గురించి మాట్లాడతారు, నా ఎదుటే.

"మిలాదా, ప్రతివాది ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా నిలబడిందని చెప్పవే" అంది వ్లాస్తా.

"ప్రతివాదికి వినపడింది" అన్నాను నేను.

"వినపడిందట. ఇంకా జరగలేదని చెప్పు."

జరిగాను. మర్యాద వేరు, లొంగుబాటు వేరు.

మార్చి 11, సోమవారం

భోజనశాలలో టమాటా సాసు, డంప్లింగులనే ఉడికించిన పిండిముద్దలు. క్విదో తన పళ్లెంతో వచ్చి ఎదుట కూర్చున్నాడు.

"ఏమే అపొలెనా, నీ ఇంటికి నువ్వే గోడ కట్టించుకున్నావటగా! చెప్పానా, నీలో ఆ కణాలు లేవని."

"గోడ ఇంకా లేవలేదు."

"లేస్తుందిలే. నేను కూడా గోడకే ఓటు. నా కణంలో ఒకడు రోజూ వెల్లుల్లి వేయిస్తాడు. నీకు మాత్రం ఏంటి బాధ? ట్రాంబోను మోత భరించలేకపోతున్నానని శరత్కాలమంతా నెత్తీనోరూ కొట్టుకున్నావుగా."

"నాకు బాధేమీ లేదు. నియమం ప్రకారం జరగలేదన్నదే నా అభ్యంతరం."

"ఏ నియమం?"

డంప్లింగు నమిలాను. నోటి నిండా ఆహారం ఉన్నప్పుడు వాదించకూడదు.

మార్చి 12, మంగళవారం

బయటే.

మార్చి 13, బుధవారం

హెడ్వికా జీవశాస్త్రం మూడో సంవత్సరం. బుధవారాల్లో, ఇతర శాఖలవారు ఎవరొచ్చినా ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ఇచ్చి పాఠం చెప్పడం ఆమె పని. ఎవరొచ్చినా అని రాసి ఉంది. నేను వెళ్లాను. ఆమె నన్ను చూసి, తలుపు మీది ఆ మాటను చూసి, ఒక స్టూలు చూపించింది.

"ఉల్లిపొర తీశావా?"

"తీశాను."

"అది పొర కాదు, ముద్ద. మళ్లీ తియ్యి. కోర్టులో లాగినట్టు లాగకు, నెమ్మదిగా."

రెండోసారి వచ్చింది, గాలికి ఎగిరేంత పలచన. దాని మీద ఒక చుక్క అయోడిన్ వేసి, అద్దం కప్పి, కన్ను పెట్టాను.

నేను చదివిన పుస్తకాల్లో బొమ్మలున్నాయి. ఏ బొమ్మా నాకు ఈ సంగతి చెప్పలేదు: అది ఇల్లు. ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు గది పక్కన గది, అంతు లేకుండా, ప్రతి గదికీ తన హద్దు, ప్రతి గదిలోనూ ఒక మూలకు ఒరిగి తేనెరంగు చుక్క.

"రాజు!" అన్నాను.

"రాజు కాదే మొద్దూ. కేంద్రకం వంటల పుస్తకం. అది పొయ్యి దగ్గరికి రాదు, గిన్నె తోమదు, గది దాటదు. దానిలోంచి ఒక పుట నకలు బయటికి పోతుంది. రైబోజోములు ఆ నకలు చూసి ప్రోటీన్లు వండుతాయి."

"పుస్తకం ఎవరి దగ్గరుంటే వారిదే రాజ్యం."

"నీ ఎర్ర రక్తకణాల్లో పుస్తకమే లేదు. ఎదిగే వయసులో దాన్ని బయటికి తోసేస్తాయి, ఆక్సిజన్ మోయడానికి చోటు కావాలని."

"తోసేసి ఎన్నాళ్లు బతుకుతాయి? మహా అయితే నాలుగు నెలలు. నేనూ చదివాను."

"నాలుగు నెలలూ ప్రశాంతంగా బతుకుతాయి, అపొలెనా."

వారం రోజుల్లో ఆమె నా పేరు పలకడం ఇదే మొదలు. ఆ విషయం ఆమె గమనించినట్టు లేదు. నేను కూడా గమనించనట్టే ఉన్నాను.

తరవాత మరో గాజుపలక పెట్టింది: ఉల్లి వేరు కొన. అక్కడ కణాలు విడిపోతూ ఉన్న క్షణంలో ఆగిపోయాయి. కొన్నిటిలో దారాల్లాంటి పోగులు రెండు వైపులకూ లాగబడుతున్నాయి; కొన్నిటిలో నడుమ సన్నని గీత, గోడకు పునాది.

"చూడు, గోడ చివరన వస్తుంది" అంది హెడ్వికా. "ముందు పుస్తకం పూర్తిగా రెండో ప్రతి రాసుకోవాలి. మైటోకాండ్రియాలు పెరగాలి, మిగతా సామానంతా పెరగాలి. రెండిళ్లకు సరిపడా అయ్యాక గాని గోడ లేవదు. అర్థమైందా, లేక దీనికీ వాదన ఉందా?"

లేదన్నాను. నా మనసంతా ఆ ఎర్ర రక్తకణం మీదే ఉంది. నాలుగు నెలలు ప్రశాంతంగా!

మార్చి 14, గురువారం

తుమ్ములు. కారణం వసంతపు గాలి. సాక్సులు కాదు.

మార్చి 15, శుక్రవారం

రోజంతా వాన. చెప్పులు బయటే.

మార్చి 16, శనివారం

ఒక విచిత్రం. నడవలో అందరి బూట్ల బురదా పారి నేలంతా తడిగా ఉంది. నా గళ్ల చెప్పులు మాత్రం పొడిగా ఉన్నాయి. లోపల చేయి పెట్టి చూశాను; వార్తాపత్రిక ఉండలు కూరి ఉన్నాయి, హీటరు మీద పెట్టి తీసిన వేడి ఇంకా మిగిలి ఉంది. అంటే ఎవరో వాటిని లోపలికి తీసుకెళ్లి, ఆరబెట్టి, మళ్లీ తెచ్చి బయట పెట్టారు.

శిక్షను కాపాడటానికి సాక్ష్యాన్ని భద్రపరచడం న్యాయస్థానాల్లో ఉన్నదే. అంతకు మించి దీనిలో ఏమీ లేదు.

పత్రిక ఉండల్లో ఒకటి చదరంగం శీర్షిక. హెడ్వికా తప్ప మా కణంలో చదరంగం ఆడేవారు లేరు.

మార్చి 17, ఆదివారం

మిలాదా పిల్లల బడికి పంతులమ్మ కాబోతోంది. ఆదివారాలు పిండి పులియబెట్టి, ప్లమ్ జామ్ కూరిన బుఖ్తీలనే బన్నులు చేస్తుంది. ఆమె పిండి కలుపుతుంటే వంటమూలలోంచి వెళ్లిపోవడం ఎవరి వల్లా కాదు. నేను కెటిల్ దగ్గర నిలబడి గాలితో మాట్లాడాను.

"ఈస్టు కూడా కణమే. ఒక్క కణం, ఒక్క ప్రాణి. చక్కెర తింటుంది, వాయువు వదులుతుంది, పిండి పొంగుతుంది."

"ప్రతివాదికి ఈస్టు గురించి తెలుసట" అంది వ్లాస్తా, స్నానాలగదిలోంచి. అక్కడ ప్రతిధ్వని బాగుంటుందని ట్రాంబోను అందులోనే వాయిస్తుంది.

"నిజానికి మన 614 కూడా అంతే" అన్నాను, గాలితోనే. "కణద్రవ్యం అంటే ఈ వంటమూల, అన్నీ ఇందులోనే తేలుతుంటాయి. మైటోకాండ్రియా మన పొయ్యి. తిన్నదాన్ని శక్తిగా మార్చేది. మిలాదా గాల్జీ సముదాయం. వచ్చినది సర్ది, డబ్బాలో పెట్టి, పేరు రాసి, ఎక్కడికి పోవాలో అక్కడికి పంపుతుంది. వ్లాస్తా..."

"నేనెవర్నట?" ట్రాంబోను ఆగింది.

"ఇంకా తేల్చలేదు. కేంద్రకం విషయంలో మాత్రం సందేహం లేదు. నియమాలు రాసినది నేను, స్నానాల వరస గోడకు అంటించినది నేను..."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. హెడ్వికా గదిలోంచి బయటికొచ్చి మరీ నవ్వింది.

"కేంద్రకం అట! ఒసే, నువ్వు లైసోజోమ్‌వి" అంది.

"అంటే?" అని మిలాదా.

"కణంలో ఒక సంచీ. నిండా జీర్ణరసాలు. ఎదురొచ్చిందల్లా కొరికి, నమిలి, అరిగించేస్తుంది. కణంలోకి చొరబడ్డ సూక్ష్మక్రిములైనా, చిరిగిపోయిన సొంత సామానైనా దానికొకటే."

"అబ్బ, అచ్చంగా ఇదే!" వ్లాస్తా తలుపు తెరిచింది. "అదే పగిలి కణంలో ఒలికిందనుకో?"

"ఒలికితే కణానికే చేటు. ఆ గురువారం సభలో చూశాంగా."

నవ్వు ఆగింది. ఎవరూ కావాలని ఆపలేదు. మిలాదా బుఖ్తీల పళ్లాన్ని పొయ్యిలోకి తోసింది. తరవాత హెడ్వికా, నా వైపు చూడకుండా, "లైసోజోమ్ లేని కణం కూడా బతకదులే. చెత్త పేరుకుపోయి చస్తుంది" అంది.

బుఖ్తీలు వేడివేడిగా వచ్చాయి. నా గదిలో బల్ల మీద ఎవరో పళ్లెంలో పెట్టి వెళ్లారు. ఇది రాజీ ప్రతిపాదన కావచ్చు. నేను స్పందించలేదు. తిన్నాను.

మార్చి 18, సోమవారం

చెప్పులు బయటే. పొడిగానే.

మార్చి 19, మంగళవారం

ఉదయం పాన్ స్కొపాల్ కొలతలకు వచ్చాడు. వెంట టేపు పట్టుకున్న మేస్త్రీ. గడప దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండానే వంగి, బూట్ల లేసులు విప్పి, బూట్లు నా గళ్ల చెప్పుల పక్కన పెట్టి, సాక్సులతో లోపలికి వచ్చాడు. మేస్త్రీ కూడా. ఆ పూట నేనూ ఆ ఇద్దరూ చల్లని గచ్చు మీద సమానులం.

"ఆ రోజు మీరు మాట్లాడినది నాకు చాలా నచ్చిందమ్మా" అన్నాడాయన. నిజాయితీగానే అన్నాడు. "ఒకరికి కూడా నా ప్లాను అర్థం కాలేదనుకున్నాను. మా అమ్మాయి ఇలాంటి కణంలోనే చదువుకుంది. నలుగురి గోలలో నిద్ర లేక ఏడ్చేది. అందుకే ఈ గోడ."

మేస్త్రీ నేల మీద సుద్దగీత గీశాడు. గీత మా తలుపు ఎదుట మొదలై, వంటమూల అంచు రాసుకుంటూ పోయి, కిటికీ దగ్గర ఆగింది. పొయ్యి, ఫ్రిజ్ ఒక పక్క. స్నానాలగది మరో పక్క.

"అటు పొయ్యి ఏదండీ?" అని అడిగాను.

"అటు ఉండదమ్మా. నడవ చివర అంతస్తుకొకటి పెడతాం."

"మరి ఇటు స్నానం?"

"అదీ నడవ చివరే."

"అంటే నడవ చివరొక కణం కడుతున్నారన్నమాట. మాకేమో రెండు ముక్కలు."

ఆయన నవ్వాడు, నేను హాస్యమాడాననుకుని. గది తలుపు సందులోంచి హెడ్వికా చూస్తోంది. నాకు ఉల్లి వేరు కొన గుర్తొచ్చింది. గోడ చివరన వస్తుంది. ముందు అన్నీ రెండవ్వాలి.

నేను ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది.  బల్ల దగ్గరికెళ్లి, ఆ బుధవారం పాఠపు బొమ్మ తీసి, నా మంచం మీద విసిరింది. వెనక పెన్సిలుతో, తన చిన్న అక్షరాల్లో: 'క్షయకరణ విభజన గురించి అడుగుతారు. సిద్ధంగా ఉండు.'

మార్చి 20, బుధవారం

సిద్ధంగా ఉన్నాను. గోడ గురించి నాకు వ్యక్తిగతంగా ఏ అభిప్రాయమూ లేదు.

రెండు పేజీలు రాసి చించేశాను. అబద్ధం వాదనలో చెల్లదు. నాకు ఈ ముగ్గురు కావాలి.

మార్చి 22, శుక్రవారం

పొద్దున్నే రాస్తున్నాను. పాదాలు వెచ్చగా ఉన్నాయి.

ముందు ఫలితం: గోడ రాదు. చేతులు లెక్కపెట్టనవసరం లేకపోయింది. పాన్ స్కొపాల్ పెన్ను మూసి, "సరే. ముందు రెండో పొయ్యి సంగతి చూసుకుని, అప్పుడు మళ్లీ వస్తాను" అన్నాడు. నలుగురి గోలలో నిద్ర పట్టని వారికి కింది అంతస్తులో ఖాళీగా ఉన్న ఒంటరి గదులివ్వాలని మిలాదా లేచి అడిగింది. దానికి ఆయన ఒప్పుకున్నాడు, అది కూడా ఆనందంగానే. మంచి మనిషి. ఆయన తప్పు ఒక్కటే. కణానికి ఏం కావాలో కణాన్ని అడగలేదు.

ఇక సభ. కింది హాలు నిండింది. వెల్లుల్లి బాధితులు ఒకవైపు, క్విదో వారి నడుమ, కాలు మీద కాలు వేసుకుని. మూడో వరుసలో మా కణం. నేను లేవగానే వెనకనుంచి ఎవరో "విభజనే జీవం!" అని అరిచారు. హాలంతా నవ్వు. అది ఆగేదాకా నిలబడ్డాను.

"ఆ మాట నాదే" అన్నాను. "ఈ రోజు కూడా దాన్ని వెనక్కి తీసుకోను. విభజనే జీవం. ఉల్లి వేరు కొనలో ఈ క్షణాన కూడా కణాలు విడిపోతున్నాయి, వాటి నడుమ గోడలు లేస్తున్నాయి. గోడకు నేను విరోధిని కాదు. కాని ఒక్కటే అడుగుతాను. ఉల్లిపాయ గోడ ఎప్పుడు కడుతుంది? తన వంటల పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా రెండో ప్రతి రాసుకున్నాక. తన పొయ్యిలను పెంచుకున్నాక. రెండిళ్లకూ సరిపడా సరంజామా సమకూరాక. అప్పుడు, చివరన, గోడ. ఒకటి రెండు కావడం విభజన. ఒకటి రెండు సగాలు కావడానికి మన భాషలో వేరే మాట ఉంది. నరకడం!"

క్విదో చెయ్యెత్తాడు. అతడు లేస్తాడని నాకు తెలుసు, ఎలా లేస్తాడో కూడా.

"అధ్యక్షా, స్నేహితురాలు సగమే చదివింది. క్షయకరణ విభజన అని ఒకటుంది. అందులో కణానికి దక్కేది సగమే. ప్రకృతిలో సగాలు లేవంటే ఎట్లా?"

మూడో వరుసలో హెడ్వికా చిన్నగా దగ్గింది.

"ఉన్నాయి" అన్నాను. "సగం పుస్తకంతో పుట్టే కణాలున్నాయి: అండం, శుక్రకణం. అవి మరో సగాన్ని వెతుక్కుని, కలిసి, ఒకటి కావడానికే సగమవుతాయి. మేనేజరు గారు మా ముక్కలకు పెళ్లి చేయించే ఉద్దేశంలో ఉంటే చెప్పమనండి, నా వాదన ఇక్కడితో ఆపేస్తాను. వరుడి తరఫు స్నానాలగదిని ముందు మేం చూడాలి."

పాన్ స్కొపాలే ముందు నవ్వాడు. తరవాత హాలు. నవ్వు అయ్యేసరికి క్విదో కూర్చుని ఉన్నాడు. బయటికి వెళుతూ తలుపు దగ్గర, "సరేలే, కొన్ని కణాలున్నాయి నీలో" అన్నాడు. ముప్పై లక్షల కోట్లు అన్నాను. ఆలస్యంగానైనా చెప్పాను.

నా ముగింపును మాత్రం ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటాను. రేపు మరచిపోతే నాకు నేనే సాక్షి.

"చివరిగా హద్దు గురించి. ప్రతి కణానికీ ఒక పొర ఉంటుంది. అది గోడ కాదు. గోడకు ఎవరైనా ఒకటే. పొర ఎంచుకుంటుంది, ఎవరు రావాలో, ఏది బయట ఆగాలో. మంగళవారం మేనేజరు గారు మా గడప దగ్గర, ఎవరూ అడగకుండానే, వంగి బూట్లు విప్పారు. ఆ క్షణాన ఆయన మా పొరను గుర్తించారు. దాని లోపల నలుగురున్నారు. ఒకామె స్నానాలగదిలో ట్రాంబోను వాయిస్తుంది. ఒకామె ఆదివారం పిండిని పొంగించి డబ్బాల్లో సర్దుతుంది. ఒకామెకు పుస్తకమంతా కంఠస్థం. ఎవరికి ఏ పుట కావాలో నకలు తీసి మంచం మీద విసురుతుంది. ఒకామె ఎదురొచ్చిందల్లా నమిలేస్తుంది. ఒకసారి పగిలి లోపలే ఒలికింది. వీరిలో ఎవరికి ఎవరు సగం? అందుచేత సభ్యులారా, మిమ్మల్ని కోరుతున్నాను: ఆ తెరమీది పటంలో రెండో పొయ్యి ఎక్కడుందో వేలు పెట్టి చూపగలిగినవారు మాత్రమే గోడ కోసం చేయెత్తండి. మిగతావారు మీ చేతులు మీ దగ్గరే ఉంచుకోండి.

"ఇక రెండో డిమాండు సభకు కాదు, మూడో వరుసకు. 614వ కణ నివాసులారా! పొర ఎంచుకుంటుందని ఇప్పుడే చెప్పాను. రెండు వారాలుగా నేను సాక్సులతో తిరుగుతున్నాను. తుమ్ములు వసంతపు గాలి వల్ల కాదు. లేవండి, పైకి వెళ్లండి, మీరే రోజూ ఆరబెట్టి మీరే మళ్లీ గడప బయట పెడుతున్న ఆ గళ్ల చెప్పులను తీసి, లోపలి అరలో, మీ మూడు జతల పక్కన పెట్టండి. ఇప్పుడే!"